పాపానాయుడుపేట పూసల కొలిమి

తిరుపతి జిల్లాలో గుడిమల్లానికి పొరుగునే ఉన్న పాపానాయుడుపేట గాజు పూసలకు పేరుపడిన ఊరు. ఇక్కడి కొలిముల్లో పూస తయారైన పద్ధతి వయసు రెండు వేల ఏళ్లకు పైమాటే. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో పురాతన పూసలతో పాటు గాజు వ్యర్థాలూ బయటపడ్డాయి. అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వాటిని ఈ ఊరి పనితో పోల్చి చూసి, పాత పని ఎలా నడిచేదో వివరించాడు.

ఇనుప చువ్వకు కరిగిన గాజు చుట్టి పూసలను ఒక్కొక్కటిగా చేయడం ఒక దారి. గాజును సన్నని గొట్టంగా లాగి ముక్కలు కోయడం ఇంకొకటి. పాపానాయుడుపేటది ఈ రెండో దారి. కట్టెలతో మండే కొలిమిలో మెత్తబడిన గాజును బోలు ఇనుప గొట్టం కొసకు పెద్ద ముద్దగా ఎత్తి, దొర్లించి, శంకువు ఆకారానికి తెస్తారు. గొట్టంలోంచి చువ్వ దూర్చి ముద్ద నడిమిని బోలు చేస్తారు. ముద్దను మళ్లీ కొలిమిలో పెట్టాక, ఎదుటి రంధ్రం దగ్గరున్న పనివాడు కొక్కెంతో దాని మొన అందుకుంటాడు. ఇక ఆగడానికి లేదు. చేయి మార్చి చేయి లాగుతుంటే సన్నని గాజు గొట్టం గంటల తరబడి వస్తూనే ఉంటుంది, లోపలి బోలు మాత్రం పూడదు. లాగే వేగాన్ని బట్టే దాని లావు. నేర్పంతా ఇక్కడే, మిగిలిందంతా ఓపిక: ముక్కలు కోయడం, బూడిదలో కలిపి వేడిచేయడం, దులిపి దారానికి గుచ్చడం. ఆ వేడికి అంచులు గుండ్రబడతాయి, బూడిద బెజ్జాలు మూసుకుపోకుండా కాస్తుంది.

ఇలా లాగి చేసిన పూసలకు ఫ్రాన్సిస్ 'ఇండో పసిఫిక్ పూసలు' అని పేరుపెట్టాడు. పేరులో అతిశయోక్తి లేదు. శ్రీలంకలోని మంతై, వియత్నాంలోని ఓక్ ఎవో వంటి రేవుల్లోనూ ఇవి తయారయ్యాయి. కొరియా, జపాన్ సమాధుల్లోనూ, దక్షిణాఫ్రికాలోని మాపుంగుబ్వేలోనూ దొరికాయి. రాగి వల్ల ఇటుక రంగు తేలిన పూసలను తూర్పు ఇండోనేషియా దీవుల్లో 'ముతిసలా' అంటారు, అక్కడ అవి కన్యాశుల్కంగా చేతులు మారాయి.

గాజు పరిశ్రమ వారసత్వం అనగానే ఇంగ్లండులోని క్యాట్‌క్లిఫ్‌లో 1740లో కట్టిన ఇటుక శంకువు లాంటివి గుర్తుకొస్తాయి. నిప్పు ఆరినా గోడ నిలిస్తే అక్కడ చాలు. పాపానాయుడుపేట మట్టి కొలిమి అలా కాదు, పగిలినప్పుడల్లా తిరిగి కట్టుకోవాల్సిందే. అందుకే ఈ ఊళ్లో కాపాడదగ్గది కట్టడం కన్నా చేతిపని. దానికి కట్టెలు కావాలి, జట్టుగా కుదిరిన మనుషులు కావాలి. మర పూసలు చౌకగా దొరికే సంతలో రెండూ ఖరీదైనవే.