తీర్మానంలో చేర్చని వాక్యం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, శాతవాహనుల గురించో కాకతీయుల గురించో రాస్తే ఎవరితోనూ పేచీ ఉండదని ముందు అనుకున్నాను. కాని మనమంతా ఉద్యోగాల్లో ఉండగానే జరిగి, మన కళ్ళముందే మరుగున పడిపోయిన యుద్ధం ఒకటి ఉంది. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో మన సైన్యం చేసిన యుద్ధం. దాని గురించి నేను చూసిందీ, తరువాత చదివి తెలుసుకున్నదీ, అందులో నా వంతు పొరపాటూ కలిపి రాస్తున్నాను. నా అభిప్రాయాలు కొందరికి రుచించకపోవచ్చు. అప్పుడూ రుచించలేదు.

ఆ రోజుల్లో నేను సికింద్రాబాదులో తంతి శాఖలో ఉండేవాణ్ణి. 2013 జూలైలో ఆ సర్వీసే ఎత్తేశారు కనుక తంతి అంటే ఏమిటో మనవలకు విడమరిచి చెప్పవలసి వస్తోంది. ఆ ఊళ్ళో తంతి ఉద్యోగికి సైన్యం ఇంటి పక్కింటి వ్యవహారం. 54వ పదాతి డివిజను స్థావరం అక్కడే. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేయగానే మొదట సముద్రం దాటింది ఆ డివిజనే. నాలుగు రోజుల్లో తిరిగొస్తాం అన్నట్టుగా వెళ్ళారు. శాంతి పరిరక్షక దళం అని పేరు పెట్టి పంపితే ఎవరు మాత్రం యుద్ధమనుకుంటారు?

వెనక జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1983 జూలైలో శ్రీలంకలో తమిళుల మీద జరిగిన మారణకాండ తరువాత వేలాదిమంది శరణార్థులు మన తీరానికి వచ్చారు. తమిళ మిలిటెంటు దళాలకు మన గడ్డమీదే శిక్షణ దొరికింది. 1987 జూన్ 4న మన విమానాలు జాఫ్నాపై ఆహార పదార్థాలు జారవిడిచాయి. అంటే ఒక చేత్తో ఆయుధాలు పట్టడం నేర్పి, రెండు నెలలు తిరక్కుండానే ఆ ఆయుధాలు దింపించే బాధ్యత రెండో చేత్తో నెత్తికెత్తుకున్నామన్నమాట. ఒప్పందంలో ఎల్.టి.టి.ఇ. సంతకం లేదు. సింహళీయులకూ అది ఇష్టం లేదు. సంతకాల మర్నాడే కొలంబోలో గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్ మీద ఒక నావికుడు తుపాకి మడమతో దెబ్బ వేశాడు. ఆ ఫొటో మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన తల వంచి తప్పించుకున్నారు కాబట్టి సరిపోయింది.

అక్టోబరు మొదటి వారంలో శ్రీలంక నావికాదళం పట్టుకున్న పదిహేడుమంది పులుల్లో పన్నెండుమంది సైనైడు మింగి చనిపోయారు. దానితో ఉన్న కాస్త సంధీ తెగిపోయింది. అక్టోబరు 10న మన సైన్యం జాఫ్నా మీదికి నడిచింది. మరుసటి రాత్రి యూనివర్సిటీ ప్రాంగణంలో హెలికాప్టర్ల నుంచి దిగిన 13వ సిక్కు లైట్ ఇన్ఫంట్రీ జవాన్లు ముప్ఫైమంది. ప్రత్యర్థులు అక్కడ ముందే కాచుకుని ఉన్నారు. ఇరవైతొమ్మిదిమంది చనిపోయారు, ఒక్కడు బందీగా చిక్కాడు. ఎదుటివారి చేతుల్లో ఏకే-47లు, మనవాళ్ళ చేతుల్లో పాత ఎస్.ఎల్.ఆర్. తుపాకులు. పట్టణం చేజిక్కడానికి ఇంచుమించు రెండు వారాలు పట్టింది.

ఆ రెండు వారాలు నేను మరచిపోలేను. ఆ ఏడు దీపావళి సరిగ్గా అప్పుడే వచ్చింది. మన శాఖలో శుభాకాంక్షల తంతులకు నంబర్లు ఉండేవి. దీపావళికి ఒక నంబరు, పెళ్ళికి ఒకటి, పరీక్ష పాసయినందుకు ఒకటి. ఆ నంబర్ల కోసం వచ్చిన వరుసలోనే తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం వైపు నుంచి జవాన్ల భార్యలు నిలబడేవారు. కొందరికి తెలుగు రాదు, కొందరికి ఫారం నింపడం రాదు. అందరూ రాయించుకునేది ఒక్కటే: క్షేమమో కాదో వెంటనే తంతి ఇవ్వండి. దానికి నంబరు లేదు. ఆ ఫారాలు నింపి నింపి, ఒక సాయంత్రం నా పెన్ను సిరా అయిపోతే వరుసలో ఉన్న ఒకావిడే తన కొడుకు స్కూలు పెన్ను ఇచ్చింది.

ఆ దీపావళి రోజుల్లోనే, అక్టోబరు 21న, జాఫ్నా పెద్దాసుపత్రిలోకి మన సైనికులు ప్రవేశించారు. రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవైమందికి పైగా చనిపోయారు. లోపలినుంచి కాల్పులు వచ్చాయని సైన్యం వైపు వాదన. చేతులెత్తి బయటికి వచ్చిన డాక్టర్లను కూడా కాల్చారని బతికి బయటపడ్డవారి సాక్ష్యం. ఆ ఆసుపత్రి సిబ్బంది తమ సహోద్యోగుల పటాలకు ఏటా ఆ రోజున పూలమాలలు వేస్తారు. మన జవాన్ల త్యాగం గురించి రాసేటప్పుడు ఈ సంగతి దాటవేయడం న్యాయం కాదని నా ఉద్దేశం. ఐ.పి.కె.ఎఫ్. అనే నాలుగు అక్షరాలకు అమాయకులను చంపే దళం అని జనం అర్థం చెప్పుకున్నారంటే దానికి కారణాలున్నాయి.

ఈ వార్తలు కొన్ని పత్రికల్లో, కొన్ని పుకార్లుగా మాకు అందుతుండగా, 1988 మొదట్లో మా కాలనీ గ్రంథాలయంలో చర్చ పెట్టాం. నేను అప్పుడు కార్యదర్శిని. సైన్యాన్ని వెంటనే వెనక్కి పిలవాలి, ఇది మన యుద్ధం కాదు అని తీర్మానం నేనే రాశాను. గట్టిగానే రాశాను. ప్రభుత్వోద్యోగులం కాబట్టి కాండక్ట్ రూల్సు గుర్తుకొచ్చి పత్రికలకు మాత్రం పంపలేదు. మినిట్స్ పుస్తకంలో రాసుకుని తృప్తిపడ్డాం.

ఆ సభలో మా ఆఫీసు తంతి బంట్రోతు ఒకాయన ఉన్నాడు. శ్రీకాకుళం జిల్లా మనిషి, మాజీ సైనికుడు, 1971లో తూర్పు సరిహద్దులో పనిచేశాడు. ఆయన అక్క కొడుకు అప్పుడు శ్రీలంకలో ఉన్నాడు. తీర్మానం చదివాక ఆయన లేచి, "గురువుగారూ, వెనక్కి పిలవమనడం బాగానే ఉందండి. నేనూ సంతకం పెడతాను. అక్కడ పోయిన కుర్రోళ్ళ గురించి కూడా ఒక ముక్క రాయండి" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అలా రాస్తే యుద్ధాన్ని సమర్థించినట్టవుతుందన్నాను. పోయినవారికి జోహార్లు అనేది సర్కారు మాట, మనమూ అదే అంటే తీర్మానం పదును పోతుందన్నాను. ఇంకొక మిత్రుడు, జాఫ్నాలో పోయిన మామూలు జనానికీ ఒక వాక్యం రాయాలి కదా అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు, తీర్మానం పొడుగైపోతుందని. ఆయన మరి మాట్లాడలేదు. సంతకమూ పెట్టలేదు. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ, "డెబ్బైఒకటిలో మేం తిరిగొస్తుంటే స్టేషను స్టేషనుకీ టీ ఇచ్చారండి" అని మాత్రం అన్నాడు.

అది నిజమే. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు రక్షణ నిధికి మా అమ్మ చేతి గాజు తీసి ఇచ్చింది. 1965, 1971 సరేసరి. ఆ యుద్ధాలకు దేశమంతా ఒక్క మాట మీద ఉంది. దీనికి లేదు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం చూసినవారికి తెలుస్తుంది: మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచి ఆ ఊరివాళ్ళు సైన్యంలో చేరుతున్నారు, అమరులకు స్మారక స్తంభం ఉంది. తెల్లదొర యుద్ధం మనదా అని ఎవరూ ఆ స్తంభం దగ్గర తర్కించరు. ఈ పోలిక నాకు తట్టింది మాత్రం చాలా ఏళ్ళకు.

ఆయన మేనల్లుడు ఆ సంవత్సరమే ములైత్తీవు అడవుల్లో చనిపోయాడు. కబురు ఊరికి వెళ్ళింది. ఊరినుంచి మామయ్యకు తంతి వచ్చింది. ఆ తంతి టెలిప్రింటరు మీద దిగినప్పుడు డ్యూటీలో ఉన్నది నేను కాను. ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. శవపేటికలు ఊరిదాకా తెచ్చే ఆనవాయితీ 1999లో కార్గిల్ నుంచి బలపడింది కాని, అప్పట్లో చాలామందికి దహనం అక్కడే. ఆ తల్లికి అస్థికల పాత్రే అందింది. ఆయన పది రోజులు సెలవు పెట్టి వచ్చి, మళ్ళీ సైకిలెక్కి తంతులు పంచాడు. నాతో ఆ విషయం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పక్కపక్కనే కూర్చుని టీ తాగేవాళ్ళం.

1989 వచ్చేసరికి మన సైన్యం అక్కడ ఉండాలని కోరేవాడు లేడు. దక్షిణాన జె.వి.పి. వాళ్ళు భారతీయ వస్తువులు అమ్మితే చంపుతామని దుకాణదారులను బెదిరించారు. కొత్త అధ్యక్షుడు ప్రేమదాస జూలై 29లోగా వెళ్ళిపొమ్మన్నాడు. పైగా, మన జవాన్లమీద పోరాడుతున్న పులులకు తానే ఆయుధాలు ఇప్పించాడు. 1989 డిసెంబరులో ఢిల్లీలో వి.పి. సింగ్ ప్రభుత్వం వచ్చాక ఉపసంహరణ పూర్తయింది. చివరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలీ వదిలింది. లెక్క తేలిస్తే చనిపోయినవారు సుమారు 1,200 మంది. గాయపడ్డవారు మూడు వేలకు పైగా.

ఓడలు మద్రాసు రేవుకు చేరినప్పుడు తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్ళలేదు. తమిళులను చంపిన సైన్యానికి తాను స్వాగతం చెప్పలేనన్నది ఆయన వాదం. దేశం పంపితే వెళ్ళిన సైనికులను అవమానించారని ఆయన మీద పెద్ద దుమారం లేచింది. అప్పుడు నేను కరుణానిధిని తిట్టినవారిలో లేను. ఇప్పటికీ ఆయన బాధలో నిజం లేదనను. జాఫ్నా ఆసుపత్రి సంగతి తెలిసిన తమిళుడు రేవులో పూలదండ పట్టుకుని నిలబడటం తేలిక కాదు. కాని ఓడ దిగినవాడు ఒప్పందం రాసినవాడు కాదు. పంపినవారు ఢిల్లీలో మారిపోయారు, పొమ్మన్నవారు కొలంబోలో ఉన్నారు, రేవులో దిగినవాడికి మాత్రం తన తోటివాడు ఎందుకు చనిపోయాడో చెప్పేవారు లేరు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఒక తమిళుడు. 1987 నవంబరు 25న ఛాతీలో తూటా తగిలాక కూడా పోరాడి మరణించి, పరమవీర చక్ర పొందాడు. ఆయన పేరు మీద రెండు పక్షాలూ మౌనంగా ఉండవలసి వచ్చింది.

ఆ మరుసటి ఏడే, 1991 మే 21న, విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని వెళ్ళిన రాజీవ్ గాంధీ ఆ రాత్రే శ్రీపెరుంబుదూరులో పులుల బాంబుకు బలయ్యారు. 1993 మే డే నాడు కొలంబోలో ప్రేమదాసకూ అదే గతి పట్టింది. ఇక ఆ యుద్ధం గురించి మాట్లాడటమే జనం మానుకున్నారు. తరువాత ఆ డివిజను అధిపతి హర్కీరత్ సింగ్, మన రాయబారి దీక్షిత్ ఎవరి పుస్తకం వారు రాసుకున్నారు. రెండూ చదివాను. తప్పు ఎవరిదో ఎవరి లెక్క వారిదే.

విచిత్రమేమిటంటే, మన రాజధాని కంటే ముందు పేర్లు చెక్కింది మనల్ని పొమ్మన్న దేశమే. కొలంబో పక్కన వాళ్ళ పార్లమెంటుకు దగ్గరలో ఐ.పి.కె.ఎఫ్. స్మారకాన్ని 2008లో నిర్మించారు. అప్పటికి మన రాజధానిలో ఆ పేర్లకు చోటు లేదు. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న తెరిచారు. అక్కడ అన్ని యుద్ధాలవారితో కలిపి శ్రీలంకలో పోయినవారి పేర్లూ రాతిమీద ఉన్నాయి.

2022లో మా మనవడి దగ్గరికి ఢిల్లీ వెళ్ళినప్పుడు అక్కడికి తీసుకెళ్ళమన్నాను. పేర్లు వెదికే యంత్రం ఉంది, వాడే నొక్కి చూశాడు. ఆ మేనల్లుడి పేరు దొరికింది. పేరు ఇక్కడ రాయను, ఆ కుటుంబాన్ని అడగలేదు. రాయి కాస్త ఎత్తులో ఉంది, నాకు చెయ్యి అందలేదు. మనవడు ఫొటో తీశాడు. వాడు, "తాతా, ఈ యుద్ధం మనం గెలిచామా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి ఎందుకు వెళ్ళాం?" అన్నాడు. ఇండియా గేటు దాటేదాకా చెబుతూనే ఉన్నాను, వాడికి అర్థమైనట్టు లేదు.

మా బంట్రోతు మిత్రుడు అప్పటికే కాలం చేశాడు. ఆయన భార్య శ్రీకాకుళంలో కొడుకు దగ్గర ఉంటే ఫొటో పోస్టులో పంపాను. చేరిందని కొడుకు ఫోన్ చేశాడు. అమ్మ ఆ ఫొటోను వాళ్ళ ఆడపడుచు ఇంటికి పట్టుకెళ్ళిందని చెప్పాడు.

సైన్యాన్ని వెనక్కి పిలవాలన్న నా తీర్మానం సరైనదేనని ఈనాటికీ అనుకుంటున్నాను. ఒక్క వాక్యం చేర్చనందుకే నా బాధ. నిజానికి రెండు వాక్యాలు. గ్రంథాలయం మూతపడ్డాక ఆ మినిట్స్ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. కింద ఖాళీ జాగా నాలుగు గీతలుంది. ఆనాడు సంతకాలు పెట్టినవారిలో ముగ్గురం మన సంఘంలోనే ఉన్నాం. వచ్చే సర్వసభ్య సమావేశానికి ఆ పుస్తకం తెస్తాను. మిగతా ఇద్దరూ కళ్ళజోళ్ళు మరచిపోకుండా రావలసిందిగా కోరుతున్నాను.