బీరువాలో మన కాగితం

మన పెద్దలు పొలం హద్దును చెట్టుతో, వాగుతో, రాయితో చెప్పేవారు. కాగితం మాత్రం సర్కారు బీరువాలో ఉండేది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణాలిచ్చిన పోరు వెనుక ఉన్నదీ ఇదే. మనవాళ్లు దున్నుకునే నేల రికార్డుల్లో అడవి అయిపోయింది.

ఆ కాగితం చూపించమని అడిగే హక్కు మనకు చాలాకాలం లేదు. 1923లో బ్రిటిషువాళ్లు తెచ్చిన అధికార రహస్యాల చట్టం స్వాతంత్ర్యం వచ్చాకా నిలిచే ఉంది. ఆ తలుపు తట్టినవాళ్లలో ముందున్నది కూలీలని మన పిల్లలకు తెలియాలి. రాజస్థాన్‌లో 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, కరువు పనుల మస్టర్లు చూపించమని అడిగింది. ఊరి మధ్య ఆ పేర్లు చదివితే, చనిపోయినవాళ్ల పేరిట కూడా కూలి తీసినట్టు బయటపడింది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. ఆ పట్టుదల చివరికి సమాచార హక్కు చట్టమై, 2005 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చింది.

ఇక మీరుంటున్న చోటికి వద్దాం. మా హాస్టల్ పిల్లలు కొందరు ఇవాళ హైటెక్ సిటీలో కంప్యూటర్ల ముందున్నారు, కొందరు అవే మేడల గేట్ల దగ్గరున్నారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక అక్కడి రాళ్ల గుట్టలకు రెక్కలొచ్చాయి. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద 2025లో గొడవ రేగి, ఆ ఏప్రిల్‌లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపింది. ఆ నేల ప్రభుత్వానిదా, 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయానిదా అన్న వాదన పాత కేటాయింపు కాగితాల చుట్టే తిరిగింది. నగరం నడిబొడ్డున చదువుకున్నవాళ్లకే కాగితం అంత ముఖ్యమైతే, గూడెంలో ఉన్నవాళ్ల సంగతి ఆలోచించండి.

మీ ప్రైవేటు కంపెనీని ఈ చట్టం కింద నేరుగా అడగలేరు. దానికి భూమి ఇచ్చిన సంస్థను, కార్మిక శాఖను అడగవచ్చు. (మా హాస్టల్ బియ్యం స్టాకు రిజిస్టరూ దీని కిందికే వస్తుంది. అడిగితే మేము ముఖం చిట్లించకూడదు మరి.) మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. రాయడం రానివారు నోటితో చెబితే అధికారే రాసిపెట్టాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదు. జవాబుకు గడువు 30 రోజులు. ఇంత ఉన్నా, 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా తెలంగాణ సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. చివరి అప్పీలు వినే దిక్కు లేకుండా పోయింది.

అడగడంలోనూ ఒక మెలకువ ఉంది. మా దగ్గర చదివిన ఒకమ్మాయికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. స్కాలర్‌షిప్ బకాయి రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వలేదు. “నా డబ్బు ఎందుకు రాలేదు?” అని సమాచార హక్కు కింద రాసింది. సంజాయిషీలు చెప్పడం మా పని కాదని జవాబొచ్చింది. చట్టం ఇప్పించేది రికార్డులో ఉన్న సమాచారాన్నే. రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని మళ్లీ రాశాం. ఫలానా నంబరు దరఖాస్తు మీద రాసిన నోట్ ఫైలు నకలు, అది ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లిందో చూపే రిజిస్టరు పేజీ ఇవ్వమన్నాం.

నకలు వచ్చింది. బ్యాంకు ఖాతాలో ఒక అంకె తప్పు పడి, ఫైలు మూడు నెలలుగా ఒకే బల్ల మీద ఉంది. తప్పు దిద్దించాం, డబ్బు వచ్చింది. అప్పటికి కంపెనీ ఇచ్చిన గడువు దాటిపోయింది. మరుసటి ఏడాది ఆ పిల్ల ఇంకోచోట చేరింది.

ఇప్పుడు మా హాస్టల్లో ప్రతి పిల్లా తన దరఖాస్తు నంబరు, ఇచ్చిన తేదీ నోటుబుక్ చివరి పేజీలో రాసుకుంటోంది.