పొలం నంబరు వెంట

కోటబొమ్మాళి చుట్టుపక్కల ఎకరం పల్లం కొనాలనుకున్న రైతు మొదట అడిగేది ఈసీ. ఆ భూమి మీద ఏ అమ్మకాలు, ఏ తనఖాలు ఉన్నాయో చెప్పే కాగితమది. ఇవాళ సర్వే నంబరు కొడితే కాసేపట్లో వచ్చేస్తోంది. దాని వెనుక వందేళ్లకు పైబడిన సూచికల శ్రమ ఉంది.

ఊరి భూముల లెక్క ఒకప్పుడు కరణం దస్త్రంలో ఉండేది. ఏ మడి ఎవరిదో తెలియాలంటే దస్త్రం కన్నా కరణం జ్ఞాపకమే దగ్గరి దారి. 1948 నాటి జమీందారీ రద్దు చట్టం తర్వాత ఎస్టేటు గ్రామాలకు సర్వే, సెటిల్‌మెంటు వచ్చాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. దస్త్రాలు మిగిలాయి, వాటి గుట్టు తెలిసిన మనిషి లేకుండా పోయాడు. పైగా ఈ ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లాలో, ఆపైన విశాఖపట్నంలో, 1950 నుంచి శ్రీకాకుళంలో ఉంది. పాత కాగితం వెతికేవారు ముందు దాని సంవత్సరం తెలుసుకోవాలి.

రిజిస్ట్రేషన్ శాఖ పద్ధతి వేరు. 1908 చట్టం నాలుగు సూచికలు రాయమంది. ఒకటో సూచిక రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లతో. రెండోది ఆస్తి వివరాలతో. ఒకే దస్తావేజును రెండు వైపుల నుంచి పట్టుకోవచ్చు. నా లెక్కన అసలు గొప్పతనం ఇక్కడే ఉంది, కంప్యూటర్ దీనికి వేగం ఇచ్చిందంతే. కంప్యూటర్ రాకముందు పదమూడేళ్ల ఈసీ కావాలంటే గుమాస్తా పదమూడేళ్ల పుస్తకాలూ దించి, ఊరి పేరు కింద వేలు పెట్టి వరుస వరుసా చూసుకుంటూ పోవాల్సి వచ్చేది. ఒక్క వరుస కన్ను దాటితే పాత తనఖా బయటపడదు, కొన్నవాడి కొంప మునుగుతుంది.

1998 నవంబరులో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే ‘కార్డ్’ పథకం రాష్ట్రంలోని 200కు పైగా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో మొదలైంది. ఇప్పుడు ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే మళ్లీ ఆ పుస్తకాలే దిక్కు.

2015లో ‘మీభూమి’ వెబ్‌సైటు వచ్చాక రెవెన్యూ శాఖ భూమి రికార్డులైన అడంగల్, 1బి ఇంట్లోంచే చూసుకుంటున్నాం. చిక్కల్లా పేరుతో వెతికేటప్పుడే. మన ఊళ్లలో రామ్మూర్తులు, అప్పలనాయుళ్లు ఎంతమందో! ఒకచోట ‘రామ్మూర్తి’, మరోచోట ‘రామమూర్తి’ అని ఎక్కితే ఇద్దరూ ఒకరేనని కరణానికి తెలిసేది, అక్షరాలు పోల్చే యంత్రానికి తెలియదు. సర్వే నంబరుతో వెతకడం నయమే కానీ, అన్నదమ్ములు పంచుకుని సబ్‌డివిజన్ చేయించకపోతే దాని కిందే నలుగురుంటారు.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో కమతానికో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఇస్తున్నారు. తాతగారి దస్తావేజులో మాత్రం ఉండేది పాత నంబరే. మీ ఊళ్లో రీసర్వే అయితే ఆ రెండు నంబర్లూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి, దస్తావేజుతోపాటు దాచండి.