ఫస్ట్ ఇయర్ పిల్లలకి రీసెర్చ్ ఎందుకు?
"ముందు బేసిక్స్ నేర్చుకో, రీసెర్చ్ సంగతి పీజీలో చూద్దాం." బీటెక్‌లో ఈ మాట వినని వాళ్లు తక్కువ.

1957లో అమెరికాలోని ఎంఐటీలో ఒకాయన దీనికి సరిగ్గా రివర్స్‌లో మాట్లాడాడు. ఆయనే పోలరాయిడ్ కెమెరా కనిపెట్టిన ఎడ్విన్ ల్యాండ్. హార్వర్డ్‌లో చేరి, డిగ్రీ పూర్తి చెయ్యకుండానే బయటికొచ్చేసిన మనిషి. ఆయన చెప్పింది సింపుల్: కాలేజీలో చేరిన కొత్తలోనే ప్రతి స్టూడెంట్‌కీ సొంత రీసెర్చ్ ప్రాజెక్ట్ ఉండాలి.

ఆ మాట పనిలోకి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1969లో మార్గరెట్ మెక్‌వికార్ అనే యువ ఫిజిసిస్ట్ ఎంఐటీలోనే 'యూఆర్ఓపీ' ప్రోగ్రాం మొదలుపెట్టారు. ఫస్ట్ ఇయర్ వాళ్లు కూడా ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్‌లో చేరొచ్చు. ప్రపోజల్ రాయాలి. ఓకే అయితే చేసిన పనికి క్రెడిట్స్ అయినా వస్తాయి, డబ్బులైనా వస్తాయి.

అసలు కీలకం ఆ డబ్బులే. ఫ్రీగా చెయ్యమంటే ఇంట్లో ఉన్నవాళ్లే ల్యాబ్‌లో కూర్చుంటారు, లేనివాళ్లు పార్ట్‌టైమ్ జాబ్‌కి పోతారు. అప్పుడు రీసెర్చ్ ఎవరు చెయ్యాలో తెలివి కాదు, జేబు డిసైడ్ చేస్తుంది.

ఇవాళ ఎంఐటీ స్టూడెంట్స్‌లో చాలామంది డిగ్రీ అయ్యేలోపు ఒక్కసారైనా ఇందులో పనిచేస్తారు. మరి మీ కాలేజీలో ఫస్ట్ ఇయర్ ఐడియాకి ఒక్క రూపాయైనా ఇస్తారా? రేపు హెచ్ఓడీని అడిగి చూడండి. ఏమన్నారో కామెంట్స్‌లో చెప్పండి.