క్షయకు మందు దొరికినదను వార్త

సాయంకాలము రచ్చబండ చెంత పత్రిక చదువుచుండగా, ఏదో యొక మూల "ఫలానా రోగమునకు క్రొత్త మందు కనుగొనబడినది" అను వార్త కనబడును. చదువువారు కండ్లజోడు తీసి ప్రక్కన పెట్టకముందే, ఇంట రోగి గలవాడెవడో వచ్చి, "అయ్యా, ఇది నిజమేనా? చేను అమ్మియైనను పట్నము తీసికొనిపోవలెనా?" అని యడుగును. గ్రామమున చదువు నేర్చిన పెద్దల మాటకు విలువ హెచ్చు. అవునన్నచో ఒక కుటుంబము అప్పులపాలు కావచ్చును. కాదన్నచో ఒక ప్రాణమునకు దక్కవలసిన చికిత్స తప్పిపోవచ్చును. కావున వైద్యవార్తను ఎట్లు చదువవలెనో తెలిసికొనుట పెద్దలకు కాలక్షేపము కాదు. అది వారి బాధ్యత.

దీనిని సూత్రములుగా చెప్పుటకంటె ఒక వ్యాధి చరిత్రగా చెప్పుట మేలని తలచుచున్నాను. ఆ వ్యాధి క్షయ. మన పూర్వులు దీనినే రాజయక్ష్మమనిరి. దీనికి మందు దొరికినదను వార్త గడచిన నూట ముప్పది యేండ్లకు పైబడిన కాలములో పలుమారులు లోకమున వినబడినది. ఒకమారు అది నిలువలేదు. ఒకమారు సగము నిలిచినది. ఒకమారు నిలుచుటయే కాక, పెద్దల నమ్మకములను తలక్రిందులు చేసినది.

1882 మార్చి 24వ తేదీన రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు బెర్లిను నగరమున, క్షయకు కారణము ఒక సూక్ష్మజీవి యని సోదాహరణముగా నిరూపించెను. ఆయన కీర్తి లోకమంతయు వ్యాపించెను. 1890 ఆగస్టులో అదే నగరమున జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో ఆయన లేచి, ఆ సూక్ష్మజీవి వృద్ధిని అరికట్టు పదార్థమొకటి తనకు లభించినదనియు, గినీపందులను చిన్న జంతువులయందు దాని గుణము కనబడినదనియు చెప్పెను. నవంబరునాటికి మనుష్యులకును ఆ మందు సూదితో ఎక్కించుచున్నారను వార్త వెలువడెను. నానాదేశముల క్షయరోగులు బెర్లినునకు పరుగెత్తిరి. మందు దేనితో చేయబడినదో మాత్రము ఆయన ఇంకను వెల్లడింపలేదు.

షెర్లాక్ హోమ్సు కథలు వ్రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ వృత్తిచే వైద్యుడు. ఆయన ఆ నవంబరులోనే బెర్లినునకు పోయి, చికిత్స పొందుచున్న రోగులను స్వయముగా చూచి, తొందరపడి నమ్మరాదని ఇంగ్లండు పత్రికకు వ్రాసెను. ఆయన శంక వ్యర్థము కాలేదు. 1891 ప్రారంభమున విర్కో అను శాస్త్రజ్ఞుడు, మందు పుచ్చుకొనియు మరణించిన వారి శరీరములను పరీక్షించి, ఆ సూక్ష్మజీవులు చావలేదని చూపెను. ఆశతో పోయిన వారు నిరాశతో మరలిరి. ఐనను ఆ పదార్థము వృథా కాలేదు. దేహమున క్షయక్రిమి ప్రవేశించినదో లేదో తెలుపు చర్మపరీక్ష దానినుండియే పుట్టి, నేటికిని వాడుకలో నున్నది.

కాక్ మహాశయుడు వంచకుడు కాడు. ఆయన చూపిన క్రిమి సత్యము; ఆయన చెప్పిన మందు సత్యము కాలేదు. రెండు మాటలును ఒకే నోట వచ్చినవే. కావున చెప్పినవాని గొప్పతనము మాటకు రుజువు కాజాలదు. గినీపందికి పట్టిన మందు మనిషికి పట్టునన్న నమ్మకమును లేదు. అన్నిటికంటె పెద్ద లోపము మరియొకటి: మందు పుచ్చుకొన్నవారిని, అట్టి రోగమే యుండి పుచ్చుకొననివారితో సరిపోల్చి చూచుట జరుగలేదు. క్షయ తనంతట తానే తగ్గుచు హెచ్చుచు నుండు వ్యాధి. తగ్గిన దినమున చేతిలో ఏ మందున్న, పేరు దానికి వచ్చును.

తరువాత అర్ధశతాబ్దికి పైగా క్షయకు నిజమైన మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గ్రుడ్లు, ఇవియే చికిత్స. అందుకొరకే ఊళ్లకు దూరముగా ఆరోగ్యశాలలు వెలసినవి. మదనపల్లె సమీపమున 1915లో ఏర్పడిన ఆరోగ్యవరము అట్టిదే. రోగి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి, ఇల్లు వాకిలి విడిచి అచట నుండవలసి వచ్చెడిది.

1943లో అమెరికాయందు వాక్స్‌మన్ ప్రయోగశాలలో షాట్జ్ అను యువకుడు మట్టిలోని సూక్ష్మజీవులనుండి స్ట్రెప్టోమైసిన్ అను మందును వేరుచేసెను. మరల వార్తలు వచ్చినవి. కాని యీసారి ఇంగ్లండు వైద్యులు బెర్లిను పాఠమును మరువలేదు. యుద్ధానంతరము ఆ దేశమునకు లభించిన మందు బహుస్వల్పము, అందరికిని చాలదు. అట్టియెడ దానిని సక్రమముగా పరీక్షించుటయే న్యాయమని వారు నిశ్చయించిరి. ఆ పరీక్షకు మార్గము చూపినవాడు బ్రాడ్‌ఫర్డు హిల్ అను గణాంకశాస్త్రజ్ఞుడు. ఆయన యౌవనమున తానే క్షయవ్యాధికి లోనై బ్రతికినవాడు.

తీవ్రమైన క్షయ గల 107గురు రోగులను తీసికొనిరి. 55 మందికి విశ్రాంతితోపాటు మందు. 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఎవరు ఏ పక్షమున చేరవలెనో వైద్యుని ఇష్టమునకు విడువలేదు. చీట్లు వేసిన రీతిగా ముందే నిర్ణయించి, కవరులలో నుంచి మూసిరి. ఇది యెందులకు? వైద్యుడు ఎంత దయాళువైనను, బ్రతుకునని తోచిన వానికే మందు ఇచ్చినచో, ఆ బ్రతుకు మందువలన కలిగినదో, రోగి దేహబలమువలన కలిగినదో తెలియదు. ఎక్స్‌రే పటములు చూచి తీర్పు చెప్పినవారికి కూడ, ఏ పటము ఏ పక్షపు రోగిదో తెలియనీయలేదు. ఆశ కంటిని మోసగించుననుట వారెరుగుదురు.

1948 అక్టోబరులో ఫలితము ప్రకటింపబడెను. ఆరునెలలలో మందు పొందిన 55 మందిలో 4గురు మరణించిరి; పొందని 52 మందిలో 14 మంది మరణించిరి. ఎక్స్‌రేలో మిక్కిలి మెరుగు కనబడినవారు మొదటి పక్షమున 28 మంది, రెండవ పక్షమున 4గురు.

పెద్దలారా, ఈ చివరి నలుగురిని జ్ఞాపకముంచుకొనుడు. వారు మందు లేకయే మెరుగుపడినవారు. ఎవరైనను వారికి ఆ దినములలో ఒక తాయెత్తో, ఒక ఆకుపసరో ఇచ్చియుండినచో, దానివలననే బ్రతికితిమని వారు నమ్మకముగా ప్రమాణము చేసి చెప్పెడివారు. వారు అబద్ధమాడినట్లును కాదు. "మా బావమరిదికి తగ్గినది" అను మాట సత్యమే కావచ్చును. అది మందునకు సాక్ష్యము మాత్రము కాదు.

ఐనను స్ట్రెప్టోమైసిన్ కథ అంతటితో ముగియలేదు. ఆ మందు పొందినవారిలో అనేకుల దేహమున, మందునకు లొంగని క్రిములు పుట్టినవి. అయిదేండ్ల తరువాత లెక్క చూడగా ఉభయపక్షముల మరణములకు నడుమ భేదము చాలవరకు తగ్గిపోయెను. మరియొక మందును దానితో జతచేసినచో క్రిములు అంత సులభముగా తప్పించుకొనజాలవని 1950లో తేలినది. నేటికిని క్షయకు ఒక్క మందు గాక పలు మందులు కలిపి ఇచ్చుట ఆ పాఠము ఫలమే. ఆరునెలల సత్యము అయిదేండ్ల సత్యము కాకపోవచ్చును. వార్త యెన్నాళ్ల లెక్క చెప్పుచున్నదో చూడవలెను.

మందులు వచ్చినను మన దేశమున వేరొక చిక్కు మిగిలినది. రోగులు లక్షలు, ఆరోగ్యశాలల మంచములు వేలు. ఇంటివద్ద, ఇరుకు గదులలో, చాలీచాలని తిండితో మందు పనిచేయునా? పనిచేయదనియే పలువురి నమ్మకము. 1956లో మద్రాసు నగరమున దీనిని పరీక్షకు పెట్టిరి. భారత వైద్యపరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఇంగ్లండు వైద్యపరిశోధన మండలి కలసి నడపిన యీ పరీక్షకు వాలెస్ ఫాక్స్ నాయకుడు. నగరపు బీదజనులలోని క్షయరోగులను చీట్ల పద్ధతిని రెండుగా విభజించి, సగము మందిని ఆరోగ్యశాలలో నుంచిరి. సగము మందికి ఇంటివద్దనే, అవే మందులు, ఒక సంవత్సరము ఇచ్చిరి.

1959లో ప్రకటింపబడిన ఫలితము ఇది: ఆరోగ్యశాలలో నూటికి 92 మందికి, ఇంటివద్ద నూటికి 86 మందికి వ్యాధి అణగినది. కొంచెము భేదము లేకపోలేదు. కాని ఇంటివద్ద నున్నవారు తక్కువ తిండి తిని, తక్కువ విశ్రాంతి పొంది, ఆ స్థితికి వచ్చిరి. వారి భార్యాబిడ్డలకు, ఆరోగ్యశాలకు పోయినవారి భార్యాబిడ్డలకంటె అధికముగా రోగము సోకలేదు. మంచము దొరకని లక్షలమందికి దారి తెరచిన వార్త ఇది. పాలు, గ్రుడ్లు, విశ్రాంతి చెడ్డవని కాదు. మందు క్రమముగా పడినచో అవి లేవని రోగిని విడిచిపెట్టనక్కరలేదని తెలిసినది.

నమ్మినది నిలువని సందర్భమును మన పొరుగుననే జరిగినది. క్షయ రాకుండుటకు వేయు బి.సి.జి. టీకా ఇంగ్లండున యువజనులయందు మిక్కిలి రక్షణ నిచ్చినట్లు తేలియుండెను. 1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షలకు పైబడిన జనులతో, కొందరికి టీకా, కొందరికి ఉత్త సూది వేసి, పరీక్ష ప్రారంభించిరి. పెద్దవారికి వచ్చు ఊపిరితిత్తుల క్షయనుండి ఆ టీకా రక్షింపలేదని 1979–80 నాటికి వెల్లడియైనది. పసిబిడ్డలకు వచ్చు ప్రాణాంతకమైన క్షయనుండి అది కాపాడును గనుక, నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు. ఒక దేశమున తేలినది మరియొక దేశమున మరల తేలవలెను. శిశువునకు మేలైనది పెద్దవానికి మేలు కాకపోవచ్చును.

ఇక ఇటీవలి వార్తకు వత్తము. క్రొత్త టీకా యొకటి క్షయను సగమునకు తగ్గించినదని 2018, 2019 సంవత్సరములలో పత్రికలు వ్రాసినవి. సగము అనగా ఎంతలో సగము? కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియా దేశములలో జరిగిన ఆ పరీక్షయందు, మూడేండ్లలో, టీకా పొందిన 1,626 మందిలో 13 మందికి, పొందని 1,663 మందిలో 26 మందికి వ్యాధి వచ్చినది. ఇరువదియారు పదమూడైనది, అదియే సగము. వారందరును లోగడ క్షయక్రిమి దేహమున ప్రవేశించియు రోగము రాని పెద్దలు. ఇది ఆశకు తగిన ఫలితమే. కాని అంత కొలదిమంది లెక్కపై లోకమునకంతటికి టీకా వేయరాదని, 2024లో పలుదేశములలో ఇంతకంటె చాల పెద్ద పరీక్ష నారంభించిరి. ఇప్పుడు మీకు తెలియును: ఇది బెర్లినులో జరుగని పని.

కావున రచ్చబండ చెంతకు పత్రిక పట్టుకొనివచ్చి యడిగినవానిని గసరవద్దు, వెంటనే ఔననవద్దు. వార్తను మరల చదివి, పరీక్ష జంతువులపైననా మనుష్యులపైననా, ఎంతమందిపైన, ఎవరితో పోల్చి, ఎన్నాళ్లు, మరియొకచోట మరల జరిగినదా అని వెదకుడు. ఆ మాటలు వార్తలో లేనిచో, చేను అమ్మవలసినంత వార్త కాదది. ఇంట రోగి యున్నచో, అతడిప్పుడు మ్రింగుచున్న మందు ఇట్టి పరీక్షలన్నిటిని దాటివచ్చినదని చెప్పుడు. సాధారణమైన క్షయకు ఆరునెలల మందులు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా లభించుచున్నవి. రెండవ నెలలో దగ్గు తగ్గినదనియో, పత్రికలో క్రొత్త మందు కనబడినదనియో వానిని నడుమ మానినవాని దేహమున లొంగని క్రిములు పెరుగును. వాని ఇంటివారికి సోకునవి కూడ అవియే. వార్త రేపు మారవచ్చును. ఈ పూట వేసికొనవలసిన మాత్ర ఈ పూటనే వేసికొనవలెను.