పిల్లలు, యువతలో ఎముక క్యాన్సర్: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

ఎముకలోనే పుట్టే క్యాన్సర్ ఇది. రొమ్ములోనో ఊపిరితిత్తుల్లోనో మొదలై ఎముకకు పాకే క్యాన్సర్ వేరు, అది ఎక్కువగా పెద్ద వయసులో వస్తుంది. పిల్లలకు, పాతికేళ్లలోపు వాళ్లకు వచ్చే ఎముక క్యాన్సర్లలో ముఖ్యమైనవి రెండు: ఆస్టియోసార్కోమా, యూయింగ్ సార్కోమా. రెండూ అరుదే. ఇరవై ఏళ్లలోపు పది లక్షల మందిలో ఏడాదికి నలుగురైదుగురికి ఆస్టియోసార్కోమా వస్తుంది, యూయింగ్ అంతకన్నా తక్కువ. అందువల్ల ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ప్రాక్టీసు పెట్టిన డాక్టరుకు ఇలాంటి రోగి ఏళ్ల తరబడి కనబడకపోవచ్చు. మోకాలి నొప్పితో వచ్చే పిల్లల్లో దాదాపు అందరిదీ దెబ్బో, బెణుకో, చీము పట్టడమో అయివుంటుంది. ఆ 'దాదాపు'లో ఇమడని ఒక్క బిడ్డను గుర్తుపట్టడంలోనే ఉంది కష్టమంతా.

చరిత్ర

జబ్బు కొత్తది కాదు. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన, సుమారు 17 లక్షల ఏళ్ల నాటి మానవ పూర్వీకుడి పాదపు ఎముకలో ఆస్టియోసార్కోమా ఉందని 2016లో ప్రకటించారు. మందులు కొట్టిన తిండి వల్లే ఇవన్నీ వస్తున్నాయనేవారు ఈ సంగతి గమనించాలి. ఆస్టియోసార్కోమా అన్న పేరు 1805లో ఫ్రెంచి సర్జన్ అలెక్సిస్ బోయర్ పెట్టినది. 1920లో అమెరికాలో ఎర్నెస్ట్ కాడ్‌మన్ ఎముక సార్కోమా రోగుల వివరాలను ఒకచోట చేర్చే రిజిస్ట్రీ మొదలుపెట్టాడు. ఆ మరుసటి ఏడాది జేమ్స్ యూయింగ్ రెండో రకాన్ని విడిగా వర్ణించాడు. యూయింగ్ చిన్నతనంలో ఎముక చీము జబ్బుతో చాలాకాలం మంచాన పడ్డవాడు. జ్వరం, వాపు, ఎర్రదనంతో కనబడే యూయింగ్ సార్కోమాను ఇప్పటికీ డాక్టర్లు పొరబడేది సరిగ్గా ఆ చీము జబ్బుగానే.

1970ల దాకా చికిత్స అంటే కాలో చెయ్యో తీసేయడమే. అలా తీసేసినా బతికి బట్టకట్టేవారు నూటికి ఇరవై మందికి మించేవారు కాదు. కంటికి కనబడని క్యాన్సర్ కణాలు అప్పటికే ఊపిరితిత్తులకు చేరి ఉండేవి.

దారి మార్చిన మందుల్లో ఒకదాని మూలం తెలుగువాడి ప్రయోగశాలలో ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకు సారథ్యం వహిస్తూ ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే పదార్థాలను తయారుచేయించాడు. వాటిలో అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా తగ్గించి చూపాడు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి, సుబ్బారావు చనిపోయిందీ ఆ ఏడాదే. అమినాప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. దీన్ని చాలా పెద్ద మోతాదులో ఎక్కించి, తర్వాత విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇచ్చే పద్ధతి ఆస్టియోసార్కోమాకు పనికొస్తుందని నార్మన్ జాఫే బృందం 1970ల తొలినాళ్లలో చూపింది. డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ తోడయ్యాయి. న్యూయార్క్‌లో కృత్రిమ ఎముక తయారయ్యేందుకు నెలలు పడుతుంటే ఆ లోపు ఖాళీగా ఉంచడమెందుకని రోగులకు మందులు మొదలుపెట్టారు. ఆపరేషన్‌కు ముందే కీమోథెరపీ ఇచ్చే నేటి పద్ధతి అలా పుట్టింది. దీంతో చాలామందికి కాలు తీసే అవసరం తప్పింది. జబ్బు పాకకముందే దొరికితే ఇప్పుడు నూటికి 60 నుంచి 70 మంది బతుకుతున్నారు. ఊపిరితిత్తులకు చేరాక వస్తే ఆ లెక్క 20, 30కి పడిపోతుంది. 1980ల తర్వాత ఈ అంకెలు పెద్దగా కదలలేదన్నదీ చెప్పుకోవాలి.

మెథోట్రెక్సేట్ చవకే. ఖర్చంతా రోగిని రోజుల తరబడి ఆసుపత్రిలో ఉంచి, రక్తంలో మందు స్థాయి పదే పదే కొలవడంలో ఉంది. అందుకే ముంబై టాటా మెమోరియల్ వైద్యులు అది లేకుండానే మూడు మందులతో ఓజీఎస్-12 అనే పద్ధతి రూపొందించారు. సుబ్బారావు దేశంలో ఆయన మందును పక్కన పెట్టాల్సి రావడం విచిత్రమే అయినా, నిర్ణయం తెలివైనది.

ఈ ప్రాంతంలో

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో కలిసేదాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఇప్పటికీ వైద్యానికి బళ్లారి, రాయచూరు వైపు చూడటం ఇక్కడివారికి అలవాటు. కర్నూలు ఆదోనికి సుమారు 100 కిలోమీటర్లు. క్యాన్సర్ అని తేలితే కర్నూలు, హైదరాబాద్ ఎంఎన్‌జే, బెంగళూరు కిద్వాయ్ ఆసుపత్రుల దారి పట్టాలి.

అంతకుముందే కాలం జారిపోతుంది. పిల్లవాడు ఆటలో పడ్డాడని, కాలు బెణికిందని పసరు కట్టిస్తారు, నూనె రాసి తోమిస్తారు. పుత్తూరు కట్టు పేరు రాయలసీమలో తెలియనివారు లేరు. విరిగిన ఎముక సంగతి ఎలా ఉన్నా, కణితి ఉన్నచోట గట్టిగా తోమడం, బిగించి కట్టడం ప్రమాదం. దెబ్బ వల్ల క్యాన్సర్ రాదు, అప్పటికే ఉన్నదాన్ని దెబ్బ బయటపెడుతుంది. తప్పు నాటువైద్యానిదే అనడం న్యాయం కాదు. డాక్టర్లే చీము అనుకుని కోసేయడం, తోచినచోట పరీక్షకు ముక్క తీయడం వల్ల కాపాడగలిగిన కాళ్లు పోయాయని అమెరికాలో హెన్రీ మాన్‌కిన్ 1982లోనే లెక్కలతో రాశాడు. ముక్క పరీక్ష చేయవలసింది తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జనే, లేదా ఆయన చెప్పినట్టే.

బోరు నీటి ఫ్లోరైడ్ మీద భయం మరొకటి. ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో నెల్లూరు జిల్లాలో వర్ణించారు. అది క్యాన్సర్ కాదు. 1990లో అమెరికాలో మగ ఎలుకల మీద వచ్చిన ఫలితం అనుమానం రేపినా, మనుషుల్లో ఫ్లోరైడ్‌కు ఎముక క్యాన్సర్‌కు సంబంధం రుజువు కాలేదు.

సుగ్గికి, అంటే కూలిపనులకు వలస, పోయే కుటుంబాల కష్టం వేరు. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్లినప్పుడు బిడ్డ కాలినొప్పి ఎవరికీ ఆనదు. జబ్బు తేలాక కూడా మూడేసి వారాలకోసారి కీమో, మధ్యలో ఆపరేషన్, మొత్తం ఎనిమిది పది నెలలు. ఆపరేషన్, మందుల ఖర్చును ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) భరించినా, తల్లిదండ్రుల కూలి ఎవరూ భరించరు. చికిత్స సగంలో ఆగిపోవడానికి పెద్ద కారణం అదే.

గుర్తుపట్టడం

పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు, ఎదిగే వయసులో, మోకాలి పైనో కిందనో, భుజం దగ్గరో నొప్పి. రాత్రి నిద్రలేపే నొప్పి. రెండు మూడు వారాలైనా తగ్గని వాపు, కుంటడం. ఇవి ఉంటే ఆ కీలుకు రెండు కోణాల్లో ఎక్స్‌రే తీయించాలి. ఎక్స్‌రే ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ తీస్తారు. అనుమానం ఉంటే కట్టు కట్టకుండా, కోయకుండా పెద్దాసుపత్రికి పంపాలి.

ఆదోని స్టేషను ముంబై, చెన్నై రైలుమార్గంలోనే ఉంది. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వే స్లీపర్ తరగతిలో పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఇస్తుంది. అందుకు ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి.