కునుకువేళ ఉలికిపాటు

పెద్దపల్లి జంక్షనులో రాత్రి బండికోసం కాచుకొని కూర్చున్నవారిని కాసేపు గమనించండి. బల్లమీద ఒకరు కునికిపాట్లు పడుతుంటారు. తల మెల్లగా వాలుతుంది. అంతలో మెట్టు తప్పినట్లు కాళ్లూ చేతులూ ఒక్కసారి విదిల్చి, ఉలిక్కిపడి లేస్తారు. చుట్టూ చూసి, సిగ్గుపడి, సర్దుకొని కూర్చుంటారు. పదిమందిలో ఆరేడుగురికి ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుభవం కలుగుతుందని ఒక అంచనా.

మన ఇళ్లలో పసివాడు నిద్రలో ఉలిక్కిపడితే దడుసుకున్నాడంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. అదే ఎదిగిన పిల్లకు వస్తే మూర్ఛ అనుకుంటారేమోనని సంగతి దాచేవారూ ఉన్నారు. కనుక ఈ చిన్న ఉలికిపాటు చరిత్ర తెలుసుకోవడం వట్టి కుతూహలం కాదు.

అమెరికా అంతర్యుద్ధంలో నరాలు తెగిన సైనికులకు చికిత్స చేసిన వైద్యుడు సైలస్ వైర్ మిచెల్. ఆయన 1890లో నిద్రకు సంబంధించిన వికారాలను గురించి ఒక వ్యాసం రాస్తూ, నిద్ర పట్టబోయే క్షణాన దేహాన్ని కుదిపే ఈ అదురును వర్ణించాడు. కొందరికి అవయవాలు కదలకుండానే తలలో పెద్ద చప్పుడయినట్లు తోస్తుందని కూడా గమనించాడు. 1932లో ఇటలీకి చెందిన డి లిసి, ఆరోగ్యవంతుల నిద్రలో సైతం కండరాలు చిన్నచిన్నగా అదరడం సహజమేనని తెలియజేశాడు.

అయితే కంటికి కనిపించే కుదుపు వెనుక మెదడులో ఏమి జరుగుతున్నది? దీనికి పరికరం కావలసి వచ్చింది. కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయి, పెద్దపల్లి మీదుగా మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి ఏర్పడిన 1929లోనే, జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్తరంగాల నమోదును ప్రకటించాడు. 1937లో లూమిస్, ఆయన సహచరులు ఈ తరంగాలను బట్టి నిద్రను దశలుగా విభజించారు. నిద్ర దీపం ఆర్పినట్లు ఒక్కసారిగా రాదు, మెట్టుమెట్టుగా వస్తుందన్నమాట. 1949లో మొరుజ్జి, మాగూన్ అనేవారు పిల్లులపై ప్రయోగాలు చేసి, మనను మేల్కొలిపి ఉంచే నాడీజాలం మెదడుకాండంలో ఉన్నదని చూపారు.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. 1953లో సర్ చార్లెస్ సైమండ్స్ అనే ఆంగ్ల వైద్యుడు, రాత్రివేళ పదేపదే వచ్చే కుదుపులు మూర్ఛకు సంబంధించినవి కావచ్చునని భావించాడు. 1959లో ఇయన్ ఆస్వాల్డ్ కునుకువేళ కుదుపులను, మెదడు తరంగాలను ఒకేసారి నమోదు చేసి పరిశీలించాడు. ఇవి ఆరోగ్యవంతులకూ వచ్చేవేననీ, వీటిని మూర్ఛగా ఎంచనక్కర లేదనీ తేల్చాడు.

కారణం పూర్తిగా తేలలేదు. మేల్కొలుపు వ్యవస్థ సడలి, నిద్ర పైచేయి సాధించే సంధికాలంలో మెదడుకాండం నుంచి ఒక ఆజ్ఞ తప్పి కండరాలకు పోతుందని పలువురి ఊహ. నిద్రలేమి, అలసట, ఆందోళన, పొద్దుపోయిన తరువాత తాగే టీ, కాఫీలు దీనిని పెంచుతాయి. గోదావరిఖని గనులలో, రామగుండం విద్యుత్కేంద్రంలో షిఫ్టులు మారుతూ పనిచేసేవారు దీనిని తరచుగా ఎరిగి ఉంటే ఆశ్చర్యం లేదు. తగినంత నిద్రే దీనికి మొదటి మందు.

ఉపాధ్యాయులు ఒక భేదం గుర్తుంచుకోవాలి. 1957లో జర్మనీకి చెందిన యాంజ్, క్రిస్టియన్ అనే వైద్యులు యౌవనారంభంలో కనిపించే ఒక రకం మూర్ఛను విపులంగా వర్ణించారు. అందులో కుదుపులు ముఖ్యంగా ఉదయం, నిద్ర లేచిన కొద్దిసేపట్లో చేతులకు వస్తాయి. పట్టుకున్న గ్లాసో, పళ్లు తోముకునే బ్రష్షో జారిపడుతుంది. రాత్రి నిద్ర తక్కువైతే అవి పెరుగుతాయి. పరీక్షలకు రాత్రంతా చదివిన విద్యార్థి పొద్దున్నే ఇలా వస్తువులు జారవిడుస్తుంటే అది అజాగ్రత్త అని కసరరాదు, వైద్యునికి చూపించాలి. మందులతో ఇది చాలావరకు అదుపులో ఉంటుంది. పసిబిడ్డ మెలకువ వచ్చిన వెంటనే వరుసగా కుదుపులకు లోనైనా ఆలస్యం చేయరాదు.

కునుకువేళ ఒక్క అదురు వచ్చి పోతే భయం వద్దు. తెల్లవారి వచ్చే అదురును దాచవద్దు. రెంటికీ తాయెత్తుతో పని లేదు.